ఆటయని నమ్మించిన యుద్ధము

ఇంగ్లీషు చదువుకొనుచున్న బాలబాలికలు మిక్కిలి మక్కువతో చదువు నవలలలో ఆర్సన్ స్కాట్ కార్డ్ అను అమెరికా గ్రంథకర్త రచించిన "ఎండర్స్ గేమ్" ఒకటి. ఇది 1977వ సంవత్సరము ఆగస్టు నెలలో "అనలాగ్" అను మాసపత్రికయందు చిన్న కథగా వెలువడెను. 1985లో నవలగా పెంచబడి, సైన్సు ఫిక్షను రచనలకు ఇచ్చు బహుమానములలో పేరుపొందిన నెబ్యులా, హ్యూగో రెంటిని గెలుచుకొనెను. 2013లో చలనచిత్రమయ్యెను. అమెరికా మెరీను సేనవారు తమ సైనికులు చదువదగిన గ్రంథముల పట్టికలో దీనిని చేర్చిరి. పిల్లలును, సైనికులును, బహుమానములిచ్చు పెద్దలును ఇట్లు ఏకకంఠముగా మెచ్చిన పుస్తకమును గూర్చి మాకు గొప్ప మెప్పును, అంతకు తక్కువగాని అసమ్మతియు కలవు. ఈ కథకు తుదిని ఒక రహస్యమున్నది. దానిని దాచి ఈ నవలను విమర్శించుట పొసగదు గనుక, రహస్యమును తామే కనుగొనగోరు చదువరులు ముందు నవలను చదివి పిమ్మట ఈ వ్యాసమునకు రావలెను.

కథ భవిష్యత్కాలమున జరుగును. కీటకములను బోలిన అన్యగ్రహజాతి యొకటి రెండుమారులు మానవులపై దండెత్తి, రెండవమారు ఓడి మరలిపోయినది. మూడవమారు వచ్చునను భయమున లోకములోని రాజ్యములు తమ పగలను పైకి అణచుకొని, మేధావులైన పసిపిల్లలను ఏరి, అంతరిక్షమున నిర్మించిన పాఠశాలలో వారికి యుద్ధవిద్య గరపుచున్నవి. ఇద్దరికంటె ఎక్కువ బిడ్డలను కనరాదని శాసనమున్న ఆ కాలమున, సర్కారువారి ప్రత్యేకానుమతితో, సర్కారువారి అవసరము కొరకే పుట్టిన మూడవబిడ్డ ఆండ్రూ విగ్గిన్. అక్క వాలెంటైను చిన్నతనమున ఆండ్రూ అని పలుకలేక ఎండరని పిలిచినందున ఆ పేరే నిలిచినది. ఇంగ్లీషున ఆ మాటకు అంతము చేయువాడను అర్థమును వచ్చును. అన్న పీటరు మితిమీరిన కఠినుడనియు, అక్క మితిమీరిన మెత్తనిదనియు త్రోసివేసి, ఆ రెంటి నడిమి గుణము గల బిడ్డను సేనవారు కోరి పుట్టించుకొనిరి. బారసాల నాటికే వాని పని నిర్ణయమైనదన్నమాట. ఆరవయేట కర్నల్ గ్రాఫు అను అధికారి ఇంటికి వచ్చి వానిని తోడ్కొని పోవును.

ఇక గ్రంథకర్త నేర్పు ఇక్కడనుండి కానవచ్చును. పాఠశాలకు పోవు నౌకలో గ్రాఫు తక్కిన పిల్లలు వినుచుండగా, ఈ గుంపులో బుద్ధిగలవాడు ఎండరొక్కడే యని పొగడును. పొగడ్త విన్న పిల్లలకు కడుపుమంట పుట్టును. వెనుక కూర్చున్న బాలుడొకడు ఎండరు తలపై మరల మరల కొట్టును. ఎండరు వాని చేయిపట్టి లాగును. బరువులేని ఆ నౌకలో వాడు ఎగిరిపడి చేయి విఱుగగొట్టుకొనును. తన్ను ఎందులకిట్లు చేసితివని బిడ్డ అడిగినపుడు గ్రాఫు క్షమాపణ చెప్పడు. ఏ పెద్దవాడును తన సాయమునకు రాడని ఈ బిడ్డ నమ్మవలెను. అపుడు గాని సేనాని కాజాలడు. ఇదియే ఆ పాఠశాల సిద్ధాంతము. కావున ఎండరు ఒక గుంపులో స్నేహము కుదుర్చుకొన్నప్పుడెల్ల వానిని పెఱికి మఱియొక గుంపులో నాటుదురు. గెలిచిన కొలదిని ఆట నియమములను వానికి ప్రతికూలముగా మార్చుదురు. దినమునకొక పోటీ, పిమ్మట దినమునకు రెండు, తుదకు ఒక దళమునకెదురుగా రెండు దళములు. బోంజో అను పెద్ద బాలుడు వానిని చంప దలచియున్నాడని తెలిసియు అధికారులు తలుపు తీయరు.

ప్రతి ప్రకరణమునకును మొదట ఇద్దరు అధికారుల సంభాషణ యొకటి యుండును. ఎవరు మాటాడుచున్నారో పేరుండదు, గదిలో కుర్చీయైనను వర్ణింపబడదు. చీకటిలో గొంతుకలు మాత్రము వినబడును. ఈ సంభాషణలే ఈ నవలలో ఉత్తమభాగమని మా యభిప్రాయము. ఏలయనగా ఆ గొంతుకలు రాక్షసులవి కావు. బిడ్డ అలసినాడని వారు బాధపడుదురు, ఈ పని న్యాయమా యని ఒకరినొకరు అడుగుదురు, గ్రాఫు ఎండరును నిజముగా ప్రేమించును. ప్రేమించుచునే మఱునాటి పోటీని మఱింత కఠినము చేయును. జాలి పనికి అడ్డురాదు. పైపెచ్చు, తాము జాలిగలవారమన్న తృప్తితో పని సులభముగా సాగును. దుష్టులు పిల్లలను బాధించుటను చెప్పిన కథలు వేలు కలవు. మంచివారు మంచి కారణముచేత, కన్నీటితో బాధించుటను ఇంత సూటిగా చూపిన కథలు అరుదు.

మన తాతల నాటి యిండ్ల సంగతి తెలిసినవారికి ఇది క్రొత్త కాదు. ఎనిమిదేండ్ల పిల్లకు తాళి కట్టించిన తండ్రులందరు ప్రేమలేనివారా? అత్తవారింటికి పంపునాడు ఏడువని తల్లి యుండెనా? వంశమర్యాద యను గొప్ప ప్రయోజనమొకటి ఎదుట నిలిచినది, ఆ పిల్ల దానికి పనిముట్టయ్యెను. తాళి సంగతి చట్టముచేతను చదువుచేతను చాలవఱకు సన్నగిల్లినది గాని, ఆ తర్కము చావలేదు. ఎండరు పాఠశాలలో భోజనశాల గోడపై ప్రతి బాలుని స్థానమును చూపు పట్టిక యొకటి యుండును. పిల్లలు అన్నము తినుచు తల యెత్తి తమ అంకెను చూచుకొందురు. పరీక్షల ర్యాంకుల కొరకు బిడ్డలను వసతిగృహములలో నుంచి, వారాంతపు మార్కులను ఫోనులో చూచుకొను తలిదండ్రులు ఈ పుట యొద్ద కొంచెము ఆగుదురని తలచెదము.

గ్రంథకర్త 1991లో ఈ నవలకు క్రొత్తగా వ్రాసిన పీఠికలో, మేధావులైన పిల్లలకు సలహాలిచ్చు ఒకామె, పిల్లలు ఇట్లు మాటాడరు, ఇట్లు తలపోయరు అని ఆక్షేపించుచు జాబు వ్రాసినట్లు చెప్పుకొన్నాడు. ఆయన సమాధానము మాకు నచ్చినది. పిల్లవాడు తన్ను తాను పిల్లవాడనుకొనడు. వాని భయము వానికి చిన్న భయము కాదు, వాని యవమానము చిన్న యవమానము కాదు. పెద్దల నిర్ణయములనుండి తప్పించుకొను దారి మాత్రము వానికి లేదు. ఈ సత్యమును పట్టుకొన్నందుననే చదువుకొను పిల్లలు ఈ పుస్తకమును గుండెకు హత్తుకొనుచున్నారు. తరగతిలో ఒంటరియైన తెలివిగల బిడ్డకు, నీ బాధ నిజమే యని చెప్పిన పుస్తకము ఆప్తబంధువు.

యుద్ధక్రీడల వర్ణనలును మెచ్చదగినవే. బరువు లేని విశాలమైన గదిలో, మీద క్రింద యను భేదము లేనిచోట, పిల్లలు దళములుగా చీలి తేలుచు, కిరణములతో ఒకరినొకరు స్తంభింపజేసికొందురు. తలుపు దాటునప్పుడే ఎండరునకు ఒక సంగతి తట్టును. నడవలోని మీద క్రిందలను గదిలోనికి మోసికొనిపోనక్కరలేదు. శత్రువుల ద్వారమే క్రిందిదిక్కని తలచి, కాళ్లు ముందుకు చాచి పడిపోవునట్లు పోయినచో, శత్రువునకు అరికాళ్లు తప్ప గుఱి దొరకదు. వానికిని తక్కినవారికిని గల భేదమంతయు ఈ యొక్క భావములో నున్నది. కార్డు వాక్యములు చిన్నవి, అలంకారములు లేనివి. ప్రకృతివర్ణన యన్నది దాదాపు శూన్యము. ఊహాగోళములను కన్నులకు కట్టించు కవి కాడీయన. కాని ఒక ఆలోచన ఎట్లు పుట్టి ఎట్లు గెలిచినదో చెప్పుటలో ఈయనకు సాటి తక్కువ.

ఇక రహస్యము. పాఠశాలనుండి ఎండరు దూరపు సేనాకేంద్రమునకు పంపబడును. అక్కడ వెనుకటి యుద్ధమున గెలిచిన వృద్ధ సేనాని రాకమ్ గురువగును. యంత్రపు తెరపై నౌకలు, శత్రువులు. ప్రతిదినమును అభ్యాసము, ప్రతి యభ్యాసమును మునుపటికంటె కఠినము. బాలుడు నిద్రలేక, చేతిని కొఱుకుకొనుచు, కలలలో ఏడ్చుచు దానిని జరపును. చిట్టచివరి పరీక్షలో శత్రుగ్రహమే తెరపై కనబడును, చుట్టును లెక్కింపరాని శత్రునౌకలు. అన్యాయమైన పరీక్ష యని ఎండరునకు తోచును. వాడు విసిగి ఒక నిశ్చయమునకు వచ్చును. యుద్ధనీతిని మీఱి గ్రహమునే పేల్చివేసెదను. ఇట్టి క్రూరుడు మాకు వలదని ఈ గురువులే నన్ను ఇంటికి పంపివేయుదురు. దీనితో ఆట ముగియును. పేల్చివేయును. గదిలోని పెద్దలు ఏడ్చుచు, ప్రార్థనలు చేయుచు, వానిని కౌగిలించుకొందురు. అపుడు రాకమ్ చెప్పును. కొన్ని వారములుగా జరిగినది అభ్యాసము కాదు. నౌకలు నిజమైనవి, వానిలోని మనుష్యులు నిజమైనవారు, ఇప్పుడు మాడిపోయినది ఒక జాతియొక్క నివాసము.

ఈ ఘట్టమును ఎన్నిమారులు చదివినను మా మనసు ఒక్కచోటనే నిలుచును. బిడ్డ తన జీవితములో మొదటిసారి పెద్దలను ధిక్కరించినాడు. ఆ ధిక్కారమే వారికి కావలసిన పని యయినది. తప్పించుకొనుటకు తెఱచిన తలుపు వధ్యశాలలోనికి తెఱచుకొన్నది. ఇంతకంటె క్రూరమైన కథాసంవిధానము ఆధునిక నవలలలో మేము ఎక్కువగా చూడలేదు.

తెలుగువారికి ఇచట పల్నాటి బాలచంద్రుడు జ్ఞప్తికి రాక మానడు. కన్నతల్లి ఐతాంబ వానిని యుద్ధమునుండి మఱపించుటకు ఆటలలో నుంచినది. బొంగరము తగిలి గాయపడిన స్త్రీ, నీవారందరు కారెంపూడిలో పోరాడుచుండగా నీకు ఆటలా యని నిందించినది. బొంగరము విడిచి వాడు యుద్ధమునకు పోయినాడు, తల్లి యనుమతి గోరి, చావు తప్పదని యెఱిగి. ఆ వీరమును పొగడవలయునా యన్నది వేఱు ప్రశ్న. ఆ వయసువాడు కత్తి పట్టుటను మేము పొగడజాలము. కాని బాలచంద్రునకు ఆట ఏదో యుద్ధమేదో తెలియును. ఎండరునకు ఆ పాటి గౌరవము గూడ దక్కలేదు. బాలచంద్రుని పెద్దలు ఆటతో యుద్ధమును దూరము చేయబోయిరి. ఎండరు పెద్దలు ఆటతోనే యుద్ధము చేయించిరి.

ఇంతవఱకు మెప్పు. మా అసమ్మతి ఎచ్చటనన, మొదటి ప్రకరణమునుండియే ప్రారంభమగును. ఆరేండ్ల ఎండరును బడిలో స్టిల్సను అను బాలుడు తన గుంపుతో చుట్టుముట్టును. ఎండరు వానిని పడగొట్టును. అంతటితో తగవు తీరినది. కాని ఎండరు ఆలోచించును: ఇపుడు విడిచినచో రేపు మఱల వచ్చెదరు, రాబోవు తగవులన్నిటిని ఇప్పుడే గెలువవలెను. కాబట్టి క్రిందపడినవానిని మఱల మఱల తన్నును. నవల నడుమ బోంజోను స్నానశాలలో ఎదిరించినపుడును ఇదే తర్కము. గ్రహమును మాడ్చిన పెద్దల తర్కమును ఇదియే. మానవ నౌకలు శత్రువుల మూడవ దండయాత్రను చూచి బయలుదేరినవి కావు, అది వచ్చునేమో యను భయమున ఎండరు పుట్టకముందే బయలుదేరినవి. ఆ జాతి మానవులు తమవలెనే తలపు గలవారని తెలిసికొని, మరల దండెత్తకూడదని నిశ్చయించుకొన్నదని చివరి ప్రకరణమున మనకు తెలియును. బాలుని తన్నునకును లోకముల యుద్ధమునకును ఇట్లు ముడివేసిన గ్రంథకర్త, ఆ ముడి ఎంత భయంకరమో చూపించియుండవలసినది. ఆయన దానిని మఱుగుపఱచినాడు.

ఎట్లనగా, స్టిల్సను చచ్చినాడు, బోంజోయు చచ్చినాడు. ఈ రెండు మరణములను మనము కన్నులార చూడము. చాల పుటలు గడచిన పిమ్మట, అధికారుల సంభాషణలో రెండు ముక్కలుగా వినబడును. ఎండరునకు యుద్ధము ముగియువఱకు చెప్పరు. స్టిల్సను తల్లి ఈ నవలలో లేదు. బోంజో తండ్రి లేడు. వారి యింట ఆనాడు ఏమి జరిగినదో ఒక్క వాక్యము లేదు. యుద్ధానంతరము గ్రాఫుపై విచారణ జరుగును, ఈ రెండు చావులును అందు వెలికివచ్చును. యుద్ధము గెలిచుటకు ఇది తప్పనిసరి యని ఆయన నిర్దోషిగా బయటపడి, పిమ్మట గొప్ప పదవి పొందును. ఇదంతయు కొలది పుటలలో తేలిపోవును. కాని ఎండరు కన్నీరు మాత్రము నవల పొడవునను మనలను తడుపుచునే యుండును. కొట్టినవాని బాధకు మూడువందల పుటలు, చచ్చినవానికి రెండు ముక్కలు.

జాన్ కెసెల్ అను అమెరికా రచయిత 2004లో ఈ నవలపై ఒక దీర్ఘమైన విమర్శ వ్రాసెను. పనియొక్క ఫలమును విడిచి ఉద్దేశమును మాత్రమే చూచు నీతిని కార్డు బోధించుచున్నాడనియు, ఎండరు ఎంత హింసచేసినను నిర్దోషిగానే మిగులునట్లు కథను ప్రతిచోటను అమర్చినాడనియు ఆయన వాదము. అందు చాలభాగమునకు మేము ఒప్పుకొందుము గాని, ఒకచోట వేఱుపడుదుము. మోసపోయిన పదునొకండేండ్ల బిడ్డ నిర్దోషియనుట అబద్ధము కాదు. వానిని దోషి యనుట అన్యాయము. చిక్కు ఎక్కడనున్నదనగా, చదువరియు ఎండరుతోకూడ నిర్దోషియగుచున్నాడు. తెరపై శత్రునౌకలు మాడినప్పుడు మనము ఉత్సాహముతో పుట త్రిప్పితిమి. నిజము తెలిసినపుడు ఎండరుతో పాటు, అయ్యో తెలియక చేసితిమి అందుము. గెలిచిన సంతోషమును, పశ్చాత్తాపపు గౌరవమును, రెంటిని పుస్తకము మనకు ఒకేమారు ఇచ్చివేసినది. పెద్దలు బిడ్డను మోసగించుటను చెప్పిన ఈ గ్రంథమును ఒక సేన తన సైనికులకు చదువుమని చెప్పుటలో వింత యేమియు లేదు. ఈ రెండు కానుకలును సైనికునకు అక్కరకు వచ్చునవే.

స్త్రీల విషయము గూడ చెప్పక విడువరాదు. పాఠశాలలో బాలికలు ఏల కొద్దిమందియే యని ప్రశ్న వచ్చినపుడు, శతాబ్దముల పరిణామము వారికి ప్రతికూలమని గ్రాఫు ఒక మాటతో తేల్చివేయును. అంతరిక్షమునకు నౌకలను పంపిన నాగరికత, వేయి యుగములనుండి వినుచున్న ఈ మాటను మాత్రము ఇంటనుండి మోసికొనిపోయినది! ఆ మాట పాత్రది, గ్రంథకర్తది కాదని సమర్థింతురేమో. కాని కథ దానిని ఖండించుట లేదు. పెట్రా అను బాలిక యొక్కతె గుఱిచూచి కొట్టుటలో ఎండరుకు గురువు. తుది యుద్ధములలో ఎండరు క్రింద పనిచేసిన పిల్లలలో అలసటచే మొదట కూలిపోవు భాగ్యము ఆమెకే కేటాయింపబడినది. వాలెంటైను పీటరుతో సమానమైన మేధ గలది. మాఱుపేరులతో రాజకీయ వ్యాసములు వ్రాసి అన్నదమ్ముని పథకము ననుసరించి లోకాభిప్రాయమును త్రిప్పగలది. ఆమెను సేనవారు రెండుమారులు వాడుకొందురు, ఒకసారి జాబు వ్రాయించి, ఒకసారి సరస్సు ఒడ్డున తమ్మునితో మాటాడించి. రెండుమారులును వాని మనసు కరగించి మరల యుద్ధమునకు మరలించుటకే. అనురాగము స్త్రీ కిచ్చి, ఆ యనురాగమును ఆయుధశాలలో చేర్చుట క్రొత్త లోకపు రీతి కాదు.

కంప్యూటరు జాలములలో మాఱుపేరుతో వ్రాసిన ఇద్దరు పిల్లలు లోకమును కదలించుటను 1985లోనే ఊహించినందుకు కార్డును పలువురు కొనియాడిరి. ఊహ గట్టిదే, ఆ భాగపు కథ మాత్రము సడలినది. చలనచిత్రమును గూర్చి ఎక్కువ చెప్పవలసినది లేదు. అందు ఎండరు పసివాడు కాక యౌవనమున అడుగిడుచున్నవాడు. ఆరేండ్ల వయసును తీసివేసిన తరువాత ఈ కథలో మిగులునది మామూలు సైనికశిక్షణ.

ఈ పుస్తకమును పిల్లలకు ఇయ్యవచ్చునా యందురేని, పండ్రెండేండ్లు దాటినవారికి నిరభ్యంతరముగా ఇయ్యవచ్చును. దాచిపెట్టుట గ్రాఫు చేసిన పనియే యగును. అయితే ఇచ్చిన పెద్దలు తామును చదువవలెను, చదివి పిల్లవానిని స్టిల్సను తల్లి సంగతి యడుగవలెను. పిల్లలు చెప్పు జవాబులు గ్రంథకర్త జవాబుకంటె మంచివిగా నుండునని మేము నమ్ముచున్నాము.

నవలను పెంచి వ్రాయుటకు కారణమును గూడ గ్రంథకర్తయే పీఠికలో చెప్పెను. "స్పీకర్ ఫర్ ది డెడ్" అను రెండవ నవలకు పునాదిగా మొదటి కథను విస్తరింపవలసి వచ్చినదట. అందుచేతనే కాబోలు, పాపభారమంతయు తుది ప్రకరణమున తొందరగా మూటగట్టబడినది. అందు ఎండరు నశించిన జాతియొక్క రాణిగుడ్డును కనుగొని, ఆ జాతి పక్షమున ఒక చిన్న గ్రంథము వ్రాసి, దానిని సంచిలో పెట్టుకొని లోకములు తిరుగుటకు బయలుదేరును. 1986లో వెలువడిన ఆ రెండవ నవలయును నెబ్యులా, హ్యూగో బహుమానములు రెంటిని పొందెను. అందు కాలము మూడువేలయేండ్లు గడచినది. నౌకాయానపు వేగముచేత ఎండరు మాత్రము ముప్పదియైదేండ్ల వాడుగా నున్నాడు. చచ్చినవారిని గూర్చి పొగడక, తెగడక, ఉన్నదున్నట్లు నలుగురిలో చెప్పుట వాని వృత్తి. లుసిటానియా యను గ్రహమున ఒక యింటివారు వానిని పిలిపింతురు. వాడు ఆ యింట కూర్చుండి, చచ్చిన మనుష్యుని భార్యను, బిడ్డలను, ఇరుగుపొరుగువారిని ఒక్కొక్కరినే అడిగి తెలిసికొనును. యుద్ధమొక్కటియు లేదు, గెలుపు లేదు; మొదటి నవలను ప్రేమించిన పిల్లలు దీనిని సగములో విడిచిపెట్టుదురని విందుము. మాకు మాత్రము మొదటిదానికంటె ఇదియే ఎక్కువ నచ్చినది.